ట్రక్కు కింద ముగ్గు

కిందటి నెల మా మేనల్లుడు కిట్టు, భిలాయి వైశాలి నగర్లో మా ఇంటి ముందు తన జీపు ఆపి, టీ తాగి, ఫోన్లో అరగంట ఎవరితోనో హిందీలో మాట్లాడి వెళ్ళిపోయాడు. గేటు వేద్దామని వెళ్ళి చూస్తే నేల మీద అరచేయంత నూనె మరక. ఇంకొకరైతే సర్ఫు నీళ్ళు పోసి కడిగేసేవారు. నేను మోకాళ్ళ నొప్పులు కూడా మరిచిపోయి అక్కడే గొంతుక్కూచుని, వేలు అద్ది, రెండు వేళ్ళ మధ్య రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చిక్కగా, జిడ్డుగా, మురిగిన గుడ్డు కంపు. ఎదురింటి కోడలు పిల్ల స్కూటీ మీద వెళ్తూ నన్ను చూసి బ్రేకు వేసింది. "ఆంటీజీ, తబియత్ ఠీక్ హై?" అంది. చాలా బాగుందమ్మా అన్నాను. నిజంగానే బాగుంది. ఆ వాసన నా ముక్కుకి తగిలి ఎన్నాళ్ళయిందో.

లోపలికి వచ్చి కిట్టుకి ఫోన్ చేశాను. "ఒరేయ్, నీ జీపుకి గేర్ ఆయిలు కారతంది. ఇంజను కింద కాదు, నడి మధ్యన పడింది. ట్రాన్స్‌ఫర్ కేసు అయ్యుంటాది, చూపించు" అన్నాను. "అత్తా, మీకెలా తెలుసు? సర్వీస్ వాళ్ళు దో బార్ సీల్ మార్చీసేరు. అబ్ బోల్ రహే హై, పూరా అసెంబ్లీ మార్చాలంట" అన్నాడు. "బ్రీదర్ చూశారేటి?" అన్నాను. "ఓ క్యా హోతా హై?" అన్నాడు. వాడు ఇంజనీరింగ్ చదివాడు. కంప్యూటర్లలో అనుకోండి, అయినా చదివాడు. ఇలా ఇలా చూపించరా అని చెబితే, "ఛోడియే నా అత్తా, వాళ్ళు మెషిన్ పెట్టి చూస్తారు" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. మండి, ఆ మంటలోనే మా పాత ట్రక్కు గుర్తొచ్చింది.

అప్పుడు మేం ఇదే ఊళ్ళో, సెక్టార్లో స్టీలు ప్లాంటు వాళ్ళ క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న ప్లాంటులో మెకానికల్ మెయింటెనెన్సు ఇంజనీరు. తమ్ముడు, అంటే ఈ కిట్టు వాళ్ళ నాన్న, విజయనగరంలో హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. ఇంట్లో ముగ్గురం. నాన్న ఒక ఆదివారం పొద్దున్న కూరలకని సంచీ పట్టుకుని సుపేలా బజారుకి వెళ్ళి, మిలిటరీ వాళ్ళు అమ్మేసిన పాత ట్రక్కు ఒకటి వేసుకుని ఇంటికొచ్చాడు. చిన్న ట్రక్కే, కానీ నాలుగు చక్రాలూ తిరిగే రకం, కొండలెక్కుతుంది. మేమే కొండెక్కాలో నాన్నకీ తెలియదు. అమ్మ గుమ్మంలోకొచ్చి ఆకుపచ్చ రంగు వెలిసిపోయిన ఆ బండిని కిందనించి పైదాకా చూసి, "వంకాయలేవండీ?" అని మాత్రం అడిగింది. సంచీ ట్రక్కులోనే ఉంది, ఖాళీగా.

నాకు పద్దెనిమిదేళ్ళు. ఆ ట్రక్కుని చూసిన క్షణం నుంచీ దాన్ని నడపాలన్నది తప్ప నాకు ఇంకో ఆలోచన లేదు. మా కాలేజీ ఆడపిల్లల్లో మహా గొప్ప ఏమిటంటే లూనా మోపెడ్. నేను ట్రక్కు నడుపుకుంటూ కాలేజీ గేటు ముందు దిగడం రోజూ కళ్ళముందు కనపడేది. నాన్న కాదనలేదు. ప్లాంటు మనిషి కనుక షరతు పెట్టాడు. "అమ్మలూ, కారే బండి మీద కొత్తవాళ్ళని కూచోబెట్టకూడదు. కింద చుక్క పడని రోజున నీ చేతికి స్టీరింగు ఇస్తాను. మాట." ఎందుకంటే ఆ ట్రక్కు కారేది. ఏదో అప్పుడప్పుడు కారడం కాదు, నిష్ఠగా కారేది.

ఎక్కడ కారేదంటే మా ఇంటి ముందు, సరిగ్గా అమ్మ ముగ్గు పెట్టేచోట. అమ్మ తెల్లవారుజామున లేచి, ఊడ్చి, నీళ్ళు చల్లి, బియ్యప్పిండితో ముగ్గు వేసేది. ప్లాంటు దుమ్ము పడి పది గంటలకల్లా అది ఎర్రబారిపోయేది, అయినా వేసేది. ఇప్పుడు ట్రక్కు వచ్చి ఆ స్థలం ఆక్రమించింది. పొద్దున్నే నాన్న బండిని వెనక్కి జరిపేవాడు, అమ్మ ముగ్గేసేది, నాన్న ప్లాంటుకి తిప్పలు పడి దానిమీదే వెళ్ళి సాయంత్రం తెచ్చి మళ్ళీ ముగ్గు మీదే నిలబెట్టేవాడు. మర్నాటికి తామరపువ్వు మధ్యలో నల్లగా మరక. నూనె పీల్చిన నేల మీద పిండి నిలవదు. వారం తిరిగేసరికి అమ్మ ముగ్గులన్నీ మధ్యలో కన్నం ఉన్న ముగ్గులయ్యాయి.

నాన్నకి జబ్బు చేసిన మిషను కనపడితే పండగ. ముందు ఏ నూనె కారుతోందో తేల్చాలన్నాడు. పాత అట్టపెట్టె విప్పి ట్రక్కు కింద పరిచాడు. మర్నాడు దాన్ని భోజనాల బల్ల మీదికి తెచ్చి, ఉప్మా పళ్ళెం పక్కన పెట్టి, నా చేత వాసన చూపించాడు. ఇంజను నూనె పల్చన, మాడు వాసన. బ్రేకు నూనె నీళ్ళలా ఉంటుంది. ఇది చిక్కన, ఇది కంపు. కనుక గేర్ ఆయిలు. పడేది మధ్యన. కనుక ట్రాన్స్‌ఫర్ కేసు. అంటే గేర్ బాక్సు వెనకాల ఉండే ఇంకో ఇనప పెట్టె. ఇంజను బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచేది అదే. దాని పొట్టలో పళ్ళచక్రాలు నూనెలో మునిగి తిరుగుతాయి. ముందుకో కడ్డీ, వెనక్కో కడ్డీ బయటికొస్తాయి, ఆ వచ్చేచోట నూనె జారకుండా రబ్బరు సీళ్ళుంటాయి. నాన్న ఇదంతా నాకు ఉప్మాలో జీడిపప్పులు అటూ ఇటూ జరిపి చెప్పాడు. అమ్మ ఆ అట్టముక్కని చీపురు కొసతో బయటికి తోసింది.

తరవాత ఏ సీలో తేల్చాలి. అందుకు నాన్న ఎంచుకున్న పద్ధతి ప్లాంటులో ఎవరికీ తట్టి ఉండదు. ట్రక్కు కింద పదకొండు వరసలు, వరసకి పదకొండు చుక్కలు పెట్టమని అమ్మని అడిగాడు. చుక్క ఎక్కడ పడిందో వరస నంబరు, చుక్క నంబరు నోటుబుక్కులో రాసుకుంటే కారేచోటు దానంతటదే తేలుతుందని లెక్క. అమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, ట్రక్కు కింద దూరి, గీత గీసినట్టు చుక్కలు పెట్టింది. నాన్న పొంగిపోయాడు. స్నానం చేసి వచ్చి చూసేసరికి చుక్కలన్నీ కలిసిపోయి, చుట్టూ మెలికల ముగ్గు తయారై ఉంది.

"చుక్కలే పెట్టమన్నాను గదే! కలపమన్నానా?"

"చుక్కలు పెట్టీసి కలపకుండా ఒదిలీస్తారేటండీ? ఇంటికి మంచిది కాదు."

"ఇది ముగ్గు కాదు, గ్రాఫు!"

"ఏదైతేనేం, నా చేత్తో పెట్టింది నేను కలుపుతాను."

చివరికి ముగ్గు మీదే లెక్క వేశారు. రోజూ సాయంత్రం నేను వెల్లకిలా ట్రక్కు కిందికి పాకి, "నాన్నా, ఎడమ పక్క మూడో మెలిక, తామర రేకు పక్కన" అని అరిచేదాన్ని. నాన్న బుక్కులో రాసుకునేవాడు. అయితే బండి రోజూ అంగుళం అటో ఇటో ఆగేది, నూనె పెట్టె వెంట పాకి ఎక్కడెక్కడో రాలేది. పది రోజుల తరవాత బుక్కు ప్రకారం ఆ ట్రక్కు అన్నివైపులా కారుతోంది.

అప్పుడు రెండో పద్ధతి. పెట్టెని కిరసనాయిలుతో శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, మీద పొడి జల్లి బండి నడిపితే, నూనె ఎక్కడ మొదలవుతుందో అక్కడ పొడి తడుస్తుంది. ఇది నిజంగా మెకానిక్కులు చేసేదే. వాళ్ళు పౌడరు జల్లుతారు. నాన్న అమ్మ ముగ్గు పిండి డబ్బా ఎత్తుకుపోయి బోర్లించాడు. మర్నాడు పొద్దున చూస్తే ట్రక్కు టైరు మీంచి బారులు తీరి చీమలు ఎక్కుతున్నాయి. భిలాయిలో ఉన్న చీమలన్నీ ట్రాన్స్‌ఫర్ కేసు మీదే ఉన్నాయి. ప్లాంటుకి వెళ్ళే దారిలో అవి నాన్న ప్యాంట్లోకి కూడా ఎక్కాయని, గేటు దగ్గర దిగి గంతులేశాడని తరవాత ఎవరో చెబితే తెలిసింది. నాన్న మాత్రం చెప్పలేదు. కానీ చీమలు తిన్నంత తినగా మిగిలిన పిండి వెనక సీలు దగ్గర తడిసి ఉంది. అది చాలన్నాడు.

సుపేలాలో సాహూ అని ఒక మెకానిక్కు ఉండేవాడు, నాన్న వయసువాడే. తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ ఖైనీ నలుపుతాడు. అతను ఆదివారం వచ్చి వెనక సీలు మార్చాడు. మూడు రోజులు పొడిగా ఉంది. నేను కలలో గేర్లు మార్చేస్తున్నాను. నాలుగో రోజు ముందు సీలు దగ్గర కారింది. అదీ మార్చాడు. ఈసారి రెండు పక్కలా కారింది. సాహూ ఖైనీ పెదవి కింద పెట్టుకుని ఆలోచించి, "సాబ్, ఏ గాడీ నహీ, ఝర్నా హై" అని, ఇది బండి కాదు జలపాతమని తేల్చాడు. అప్పుడే అమ్మ తన మాట చెప్పింది. ఉగాదికి గుమ్మం ముందు కన్నం లేని ముగ్గు పడాలి. పడకపోతే ఉగాది మర్నాడు బండి కబాడీ వాడికి, అంటే పాతినప సామాన్లు కొనేవాడికి, పోవాలి. అమ్మ ఎప్పుడూ అరవదు. అరవకుండా చెప్పినదాన్ని నాన్న మార్పించిన దాఖలా మా ఇంట్లో లేదు. ఉగాదికి ఎనిమిది రోజులుంది. నాన్న మొహం చూస్తే జాలేసింది కానీ, నిజం చెప్పాలంటే నా స్టీరింగు పోతోందనే నా ఏడుపు.

ఆ ఆదివారం నాన్న బండిని పక్క ఊరు దుర్గు దాకా తిప్పి తెచ్చాడు, నూనె వేడెక్కాలని. సాహూ కిందికి దూరి, పెట్టె పక్కనున్న నూనె పోసే బిరడాని తిప్పాడు. లోపల నూనె ఎంతుందో చూద్దామని. బిరడా వదులయ్యీ కాకముందే "ఫుస్స్" మని పెద్ద చప్పుడు, వెంటనే చారెడు నూనె ఎగిరి, వంగి చూస్తున్న నాన్న తెల్ల బనీను మీద పడింది. నాన్న దాన్ని తుడుచుకుంటూ, "లెవెల్ బాగానే ఉంది" అని బుక్కులో రాసుకున్నాడు. అమ్మ గడపలో కూచుని చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తింది.

"అదేటండీ, ఆ చప్పుడు?"

"ఏం లేదు, వేడి మీదుంది."

"మరి బండి నిలబడున్నంతసేపూ కారదు. తిరిగొచ్చాకే కారతాది. చల్లారీసరికి ఆగిపోతాది. రోజూ ఊడ్చేదాన్ని నేను కదా, చూస్తన్నాను. మన కుక్కరు కన్నం పప్పు పొట్టు అడ్డుపడి మూసుకుపోతే ఏటవుతాది? గాస్కెట్టు పక్కలనించి తన్నుకొస్తాది. గాస్కెట్టు మారిస్తే తగ్గుతాదా? మీ పెట్టెకి విజిలేదీ?"

"ట్రాన్స్‌ఫర్ కేసుకి విజిలేటే, నీ మొహం..." అని మొదలుపెట్టిన నాన్న అక్కడే ఆగిపోయాడు. సాహూ ట్రక్కు కిందనించి తల బయటపెట్టి అమ్మని చూశాడు. అమ్మ తెలుగులో చెప్పింది అతనికి ఏమర్థమైందో గానీ, "కుక్కర్" అన్నమాట ఒక్కటే సరిపోయింది. "బ్రీదర్, సాబ్" అన్నాడు చిన్నగా.

పెట్టె నెత్తిమీద ఒక చిన్న గొట్టం ఉంటుంది. నూనె వేడెక్కి గాలి ఉబ్బినప్పుడు ఊపిరి వదలడానికి. దాన్నే బ్రీదర్ అంటారు. అది మూసుకుపోతే లోపలి గాలి దారి లేక నూనెని సీళ్ళ మీదికి తోస్తుంది, కొత్త సీలయినా తట్టుకోదు. కిందనించి అందదు. డ్రైవరు కాళ్ళ దగ్గర రేకు విప్పి, పైనించి చెయ్యి పెట్టాలి. నాన్న చెయ్యి పట్టలేదు, సాహూ చెయ్యి పట్టలేదు, నా చెయ్యి మోచేతిదాకా దూరింది. వేళ్ళకి గట్టిగా, గుండ్రంగా ఏదో ముద్ద తగిలింది. స్క్రూడ్రైవరుతో పొడిచి పొడిచి ఊడదీసి పైకి తెచ్చాను. తెల్లటి ముద్ద.

"చూశావా!" అని నాన్న ఎగిరి గంతేశాడు. "ముగ్గు పిండి! నీ పిండే నూనెలో గడ్డకట్టి కన్నం మూసీసింది. నేను అనుకుంటూనే ఉన్నాను!"

అమ్మ చింతపండు చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి, ఆ ముద్దని తీసుకుని గడప రాయికేసి కొట్టింది. టంగుమంది. పిండి కాదు, లప్పం. పైపులకి పెడతారే, ఆరాక రాయైపోతుంది, ఆ రకం. అమ్మ దాన్ని వెలుతురుకి తిప్పి చూసింది. పైభాగం గుంటగా ఉంది, ఎవరో వేలితో అదిమినట్టు. గుంటలో గీతలు కూడా ఉన్నాయి. అమ్మ అరచేతిలో దాన్ని పెట్టుకుని నాన్న ముందుకి చాపింది.

"ఏదీ, మీ బొటనేలు పెట్టండి."

"ఎందుకే?"

"పెట్టండి, చెప్తాను."

నాన్న పెట్టాడు. కాజాలో గుండీలా ఇమిడిపోయింది. సాహూ వంగి శ్రద్ధగా పరీక్షించి, "సాబ్, నాప్ ఏక్‌దమ్ సహీ హై" అన్నాడు, కొలత సరిగ్గా సరిపోయిందని. నేను నవ్వు ఆపుకోలేక ట్రక్కు అవతలికి పరిగెత్తాను.

జరిగిందేమిటంటే, నాన్నకి దుమ్మంటే పగ. ఆయన ఉద్యోగమంతా దుమ్ముతో యుద్ధమే. బేరింగులో దుమ్ము పోయిందంటే మిషను పోయినట్టే, కనుక తెరిచున్న కన్నం కనపడితే మూసెయ్యడమే ఆయన మతం. ఇంట్లో ఉప్పు డబ్బాకి మూడు మూతలుండేవి. ట్రక్కు తెచ్చిన వారంలోనే, లోపలి నేల రేకులన్నీ ఊడదీసి కడిగిన ఒక మధ్యాహ్నం, లప్పం ముద్ద పట్టుకుని బండి చుట్టూ తిరిగి కనపడిన కన్నమల్లా మూసేశాడట. మూసేసి మర్చిపోయాడు. తరవాత వెతికితే అలాటివి ఇంకో పదకొండు దొరికాయి. తలుపుల్లో వాన నీళ్ళు దిగే కన్నాలు కూడా వదల్లేదు, అందుకే తలుపు తీసినప్పుడల్లా గుడగుడమనేది.

ప్లాంటులో బ్రేక్‌డౌన్ అయితే నాన్న ఒక కాగితం రాయించేవాడు. ఏం పాడైంది, ఎందుకు పాడైంది, బాధ్యులెవరు. ఆ మూడో గడి ఖాళీగా ఉంటే కాగితం విసిరికొట్టేవాడని పేరు. ఆ సాయంత్రం ఆయన నోటుబుక్కు తీసి అలాటి మూడు గడులే గీశాడు. నేను భుజం మీంచి తొంగి చూశాను. మూడో గడిలో తన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, రాసి సంతకం పెట్టాడు. దాని కింద, లోపం పట్టినవారు అని రాసి, అమ్మ చేత సంతకం చేయించాడు. అమ్మ తడి చెయ్యి తుడుచుకుని, నెమ్మదిగా, అక్షరం అక్షరం పెట్టింది. నాన్న క్షమించమని మాటల్లో అడగడం నేను ఎప్పుడూ వినలేదు. అదే ఆయన అడిగిన తీరు.

కిట్టు మొన్న మళ్ళీ వచ్చాడు, మిఠాయి పెట్టెతో. సర్వీసు వాళ్ళు మెషిన్ పెట్టి చూస్తే ఏమీ తేలలేదట. అసెంబ్లీ మార్చే ముందు, మా అత్త ఇలా అంది అని వీడు సిగ్గుపడుతూ చెబితే, ఎవరో వంగి చూశారు. బ్రీదర్ కన్నంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. పుల్ల పెట్టి తీశారు, అయిపోయింది. "అత్తా, మీరు కమాల్ హై" అన్నాడు. కమాల్ నాది కాదురా, మీ నానమ్మది అన్నాను. ఈ రోజుల్లో బండ్లు అవే చెబుతాయి ఎక్కడ నొప్పో, తెర మీద దీపం వెలుగుతుంది. అది సుఖమే, కాదనను. కానీ వాసన చూసి, వంగి చూసి, రోజూ ఊడ్చేవాళ్ళని ఒక మాట అడిగే ఓపిక పోయింది. అసలు అప్పుడు మాత్రం మేం అడిగామా? ఊడ్చే మనిషికి మొదటి రోజు నుంచీ తెలుసు, ఎప్పుడు కారుతుందో ఎప్పుడు ఆగుతుందో. మేం ఆవిణ్ణి పిండి అడిగాం, చుక్కలు అడిగాం, సంగతి అడగలేదు. ఇలా చెబుతుంటే కిట్టు, "తర్వాత మీరు నడిపీసేరా ట్రక్కు?" అన్నాడు. అక్కడుంది అసలు కథ.

గొట్టం శుభ్రం చేసి, కొత్త సీళ్ళు వేసి, నాలుగు రోజులు తిప్పారు. అట్టముక్క తెల్లగా ఉంది. అయిదో రోజు ఉగాదికి ముందు రోజు. నాన్న ప్లాంటు నుంచి పెందలాడే వచ్చాడు. నేను జడ బిగించి కట్టుకుని, తమ్ముడి పాత బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. నాన్న తాళం చెవి తీశాడు. తీసి, నన్ను దాటి లోపలున్న అమ్మ వైపు చూస్తూ, "సరోజా, ఇలా రా" అన్నాడు.

"ప్లాంటులో లోపం పట్టినవాళ్ళే ట్రయల్ రన్ తీస్తారు. అది రూలు. రా, నువ్వు తియ్యి."

"నాన్నా! నాకు మాటిచ్చావు!"

"నీకిస్తానన్నది స్టీరింగు. ఇది ట్రయల్ రన్. అయ్యాక నువ్వే."

నాకేం భయం లేదు. అమ్మ ఏమంటుందో నాకు తెలుసు. "నాకెందుకండీ, దానికివ్వండి" అంటుంది. బియ్యం కడగాలి, పచ్చడికి మామిడికాయ తరగాలి అంటుంది. అమ్మ ఆ తాళం చెవి వైపు చూసింది. "ఉండండి, చేతులు కడుక్కొనొస్తాను" అంది.

చెంగు నడుముకి బిగించి, చెప్పులు విడిచి ఎక్కింది. నాన్న పక్కన కూచున్నాడు, నన్ను వెనక చెక్క మీద పడేశారు. మా సెక్టారు వెనక మైదానంలో, తక్కువ గేరులో, నాలుగు చక్రాలూ తిరిగేలా వేసి, అమ్మ చేత నడిపించాడు. ఆ స్టీరింగు తిప్పాలంటే మగవాళ్ళు చెమటలు కక్కేవారు. అమ్మ ఇరవయ్యేళ్ళు రుబ్బురోలు తిప్పిన మనిషి, చులాగ్గా తిప్పింది. మొదట రెండుసార్లు బండి ఎగిరి ఆగింది. తరవాత ఆగలేదు. ఒక చుట్టు, రెండు చుట్లు, నాలుగు. "బేగి వెళ్ళకే, బేగి వెళ్ళకే" అని నాన్న కిటికీ పట్టుకుని మొత్తుకుంటున్నాడు, నడుచుకుంటూ వెళ్ళే మనుషులు మమ్మల్ని దాటిపోతున్నారు. నేను వెనక మొహం ముడుచుకుని కూచున్నాను. నా వంతు ఎప్పుడు, నా వంతు ఎప్పుడు, అంతే నా మనసులో. ఇప్పుడు నేను అప్పటి అమ్మకన్నా ఇరవై ఏళ్ళు పెద్దదాన్ని. నాకు నేర్పుతావా అని నేను రోజుకి పదిసార్లు అడిగిన ఆ రోజులన్నీ అమ్మ వింటూనే ఉంది. నీకూ ఉందా అమ్మా అని నేను అడగలేదు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చీకటి పడుతుండగా ఇంటి ముందుకి తెచ్చి ఆపింది. నాన్న దిగి, వంగి కింద చూశాడు. చుక్క లేదు. "సరే, అమ్మలూ, రా" అన్నాడు. నేను ఉరికి వెళ్ళి డ్రైవరు తలుపు తీశాను. అమ్మ ఇంజను ఆపేసింది, కానీ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. పొయ్యి మీద అన్నం లేదు, పండగ పని ఒక్కటీ మొదలవలేదు, ఆ వేళప్పుడు అమ్మ ఊరికే కూచోవడం నేను అదివరకు చూడలేదు.

"దిగవేటమ్మా?" అన్నాను.

"ఉండవే. ఇంకాసేపు కూచోనీ" అంది.